చెట్టు మొదట్లో నీళ్లు

చుక్కలాయన అనే పేరు కొత్తగా విన్నవాళ్లు, ఈయనకు సాయంత్రమైతే ఓ చుక్క పడాలేమో అనుకుంటారు. పాపం, మంచినీళ్లు కూడా లెక్కగా తాగే మనిషి ఆయన. గడ్డం గీసుకోవడానికి గ్లాసుడు నీళ్లు తీసుకుంటే అందులోనే కాస్త మిగిల్చి కత్తి కడిగేవాడు. ఎవరింటికైనా వెళ్తే, కూర్చోమన్నారా లేదా అని చూడడు. పెరట్లో కుళాయి కారుతోందా అని చూస్తాడు. కారుతుంటే ఇక ఆయన కూర్చోడు, ఆ ఇంటివాళ్లను కూర్చోనివ్వడు. ఆయన వస్తున్నాడని తెలిస్తే చుట్టాలు ముందుగా వాషర్లు మార్పించుకునేవాళ్లు.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. వీధులకు నీళ్లు వదిలే ఉద్యోగం. మనిషెత్తు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని, రోడ్డు మధ్యలో ఉండే గుంటల మూతలు తీసి, లోపలి వాల్వును ఒక వీధికి తిప్పి ఇంకో వీధికి కట్టేస్తూ ఉండాలి. ముందే కట్టేశాడని ఒక వీధి తిట్టేది, ఇంకా వదల్లేదని పక్క వీధి తిట్టేది. ఆయన ఎవరికీ బదులు చెప్పేవాడు కాదు. టైమయితే కట్టేసేవాడు, సొంత ఇల్లున్న వీధికైనా సరే. ఆ రోజుల్లో ఆయన భార్య, మొగుడు నీళ్ల ఉద్యోగంలో ఉండి కూడా పక్కింటికి బిందె పట్టుకెళ్లిన రోజులున్నాయి. ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, ఆయన్ని మర్చిపోనివ్వలేదు.

ఈ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క అక్కకే తెలుసు. తల్లి పోయాక వీడిని పెంచింది ఆమె. ఒకే గది, వీధంతటికీ ఒకే కుళాయి, అది కూడా వీధి ఆ చివర. అక్క చంకన బిందె పెట్టుకుని రోజుకు ఎన్నిసార్లు తిరిగేదో. వీడు ఒకనాడు గదిలో బంతి తన్నుతూ నిండు బిందెను తన్నాడు. గది గదంతా నీళ్లు. దెబ్బలు పడతాయని మూలకు నక్కాడు. అక్క కొట్టలేదు, తిట్టలేదు. బిందె తీసుకుని మళ్లీ వెళ్లి వరసలో నిలబడింది. కొట్టి ఉంటే మర్చిపోయేవాడేమో. ఆ బిందెలే ఆమె నడుం తినేశాయి. ఇప్పుడామె నిటారుగా నడవగలదు, కూర్చోగలదు, పడుకోగలదు. వంగడం మాత్రం రాదు. కింద పడిన చెంచా తీసుకోవాలన్నా ఎవరో ఒకరిని పిలవాలి.

ఇంటి వెనక ఉన్న బీడులో నిమ్మతోట వేస్తానని ఆయన అన్నప్పుడు, ఉద్యోగం ఇంకా కొంతకాలం ఉంది. ఇల్లంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. బోరు వేయించాడు. పడింది వేలు లావు ధార. వేరేవాళ్లయితే నెత్తిన చెయ్యి పెట్టుకునేవాళ్లు. ఈయనకు మాత్రం పండగలా అనిపించింది, ఎందుకంటే పొదుపు చెయ్యడానికి తగినంత తక్కువ నీళ్లు దొరికాయి. వరసల వెంట నల్లపైపులు పరిపించి, ప్రతి మొక్క దగ్గరా బొట్టుబొట్టుగా నీళ్లు కార్చే డ్రిప్పరు పెట్టించాడు. పెట్టింది పైపుల మేస్త్రీ అయినా, అతను వెళ్లిపోయాక చుక్కలాయన ప్రతిదాన్నీ మళ్లీ విప్పాడు. డ్రిప్పరును మొక్క కాండానికి ఆనించి, పక్కన చిన్న మేకు దిగ్గొట్టి, తీగతో కట్టాడు. చంటిపిల్ల నోట్లో పాలసీసా పెట్టినట్టు పెట్టాడు. ఒక్క బొట్టు పక్కకు పోకూడదు. ఆ పని అయిన రోజు ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, రాత్రి అన్నం తింటూ రెండోసారి మంచినీళ్లు అడిగాడు.

రెండో ఏడాది మేస్త్రీ మళ్లీ వచ్చాడు, బండిలో పైపు చుట్టలు వేసుకుని. మొక్కలు పెరిగాయి సార్, పైపులు కాండం దగ్గర్నుంచి బయటికి జరపాలి, ఇంకో వరస పైపు కూడా వెయ్యాలి అన్నాడు. చుక్కలాయనకు బండిలోని పైపు చుట్టలు కనిపించాయి గాని మాట వినిపించలేదు. పైపులమ్ముకునేవాడు పైపులు చాలవనక ఇంకేమంటాడు అని అక్కడే నిలబెట్టి దులిపేశాడు. మేస్త్రీ కూడా పౌరుషం ఉన్నవాడే. "సరే, మీ చుక్కలు మీవి" అని బండి తిప్పుకుపోయి, ఊళ్లో ఆ పేరు అతికించాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత చుక్కలాయన ఆ సలహాను పూర్తిగా మర్చిపోయాడు. మనిషి తనకు నచ్చని మాటను మర్చిపోయినంత తొందరగా ఇంకేదీ మర్చిపోడు.

నాలుగేళ్లదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాతే చెట్లు ఆయనతో ఆడుకోవడం మొదలుపెట్టాయి.

ముందు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలడం లేదనుకుని మోటారు ఇంకాస్త సేపు వేశాడు. ఇంకా పసుపెక్కాయి. ఎక్కువయ్యాయేమో అని తగ్గించాడు. పిందెలు రాలాయి. ఎరువు మార్చాడు, మందు మార్చాడు, మందు చల్లే పంపు మార్చాడు. రోజూ పొద్దున్నే ఫిల్టరు విప్పి జాలీని పాత బ్రష్షుతో తోమేవాడు, తర్వాత సూది పట్టుకుని వరస వరసా తిరిగి డ్రిప్పర్ల నోళ్లు పొడిచేవాడు. నిమ్మకొమ్మలు నేలదాకా వాలి ఉంటాయి, వాటి నిండా ముళ్లు. కాండం దగ్గరికి చేరాలంటే మోకాళ్ల మీద పాక్కుంటూ దూరాలి. ఆయన చొక్కాలన్నిటికీ వీపు మీదే చిరుగులు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధికంతా బట్టలు కుట్టే భార్య, ఇంట్లో మాత్రం మొగుడి వీపులకు అతుకులు వెయ్యడంతోనే సరిపోతోందనేది.

ఇంత చేసినా ఫలితం లేకపోతే ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా. ఉడతలు పైపులు కొరుకుతున్నాయని ఉడతల మీద పడ్డాడు. చీమలు డ్రిప్పర్లలో దూరుతున్నాయని చీమల మీద. నారు అమ్మినవాడు మోసగాడన్నాడు, బోరు నీళ్లలో సున్నం ఉందన్నాడు. కాండాల మీద అక్కడక్కడ బంక కారుతుంటే గుడ్డతో తుడిచి మందు పూసేవాడు. ఆ పూసిన చోటే మర్నాడు మళ్లీ నీళ్లు బొట్టుబొట్టుగా పడేవి. చెట్ల మొదట్లో చెమ్మ ఆరిపోకుండా ఎండుటాకులు కూడా తెచ్చి కాండం చుట్టూ కుప్పగా పోసేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించడానికి ఆ తోటలో ఎవరున్నారు గనక.

అన్నిటికంటే ఆయన్ని ఉడికించింది వంటింటి గుమ్మం పక్క చెట్టు.

ఆ చెట్టుకు, వాళ్లింట్లోనే ఉంటున్న అక్క నీళ్లు పోసేది. గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, ఏవి మిగిలితే అవి ఒక తప్పేలాలో పట్టుకుని, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి వెళ్లి కుమ్మరించి వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు ఆయన ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. లెక్కగా నీళ్లు తాగుతున్న చెట్ల మధ్య ఒక్కదానికి దొంగతనంగా పొయ్యడమేమిటన్నాడు. అక్క, చిన్న చెట్టురా, దాహంగా ఉన్నట్టుంది అంది. దాహం లేదు ఏమీ లేదు, నీకు చేతులు ఊరికే ఉండవు అని ఆయన చెట్టు కిందికి దూరి, దాని డ్రిప్పరు పీకేసి, ఆ బెజ్జానికి బిరడా కొట్టాడు.

"ఇక దీనికి నా నీళ్లు బంద్. నువ్వే పోసుకో. ఏమవుతుందో చూద్దాం" అన్నాడు.

అయింది ఏమిటంటే, తోటలో ఆ ఒక్క చెట్టే పచ్చగా నిలిచింది. తక్కినవి గిడసబారిపోతుంటే అది వంటింటి కిటికీ ఎత్తు దాటి పెరిగింది. కాయలు పట్టలేక కొమ్మలు వంగాయి. ఇంటికొచ్చినవాళ్లు వెనక గుమ్మంలో నిలబడి, బాబాయ్, తోటంటే ఇలా ఉండాలి అని ఆ చెట్టునే చూపించేవాళ్లు. ఆయనకు మింగలేక కక్కలేక అయ్యేది. ఎక్కువ నీళ్లు తాగి బలిసింది, అంతే అనుకుని మనసు సరిపెట్టుకున్నాడు. అదీ ఎన్నాళ్లో సాగలేదు. ఒకనాడు ఆ తప్పేలాలో ఎన్ని నీళ్లు పడతాయో కొలిచాడు. డ్రిప్పరు ఇచ్చేదాంట్లో సగం కూడా లేవు.

ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. తక్కువ నీళ్లు తాగిన చెట్టు పచ్చగా ఎందుకుంది? అయితే బియ్యం కడిగిన నీళ్లలోనే ఏదో ఉండాలి. మర్నాటినుంచి అక్క కంటే ముందే వంటింట్లో దూరి, ఆ నీళ్లు ఎత్తుకెళ్లి, పసుపెక్కిన ఒక చెట్టు కిందికి పాకి, జాగ్రత్తగా కాండం మొదట్లో పొయ్యడం మొదలుపెట్టాడు. నీళ్ల కోసం అక్కాతమ్ముళ్లు వంటింట్లో కాచుకుని కూర్చుంటున్నారని భార్య వీధిలో చెప్పుకుని నవ్వింది. నెల తిరక్కుండానే ఆ చెట్టు ఆకంతా రాల్చుకుని చీపురుకట్టలా నిలబడింది. ఆయన తప్పేలాను గోడకేసి కొట్టాడు. దానికి పడిన సొట్ట ఇంకా ఉంది.

కిందటి వేసవిలో, పిందెలు మళ్లీ రాలినప్పుడు, ఆయన ఫిల్టరు మూత విసిరికొట్టి, భార్యా అక్కా ఇద్దరూ వింటుండగా ఒక మాట అనేశాడు. వచ్చే వేసవికి ఇవి పచ్చబడకపోతే తానే దగ్గరుండి పీకిస్తానన్నాడు. కోపంలో అన్న మాటలు ఇంట్లో చాలా ఉండేవి. భార్య వాటిలో ఈ ఒక్కదాన్ని ఏరి దాచుకుంది. వేసవి వచ్చింది. చెట్లు పచ్చబడలేదు. ఆ స్థలంలో గోడౌను కట్టుకుంటామని అడుగుతున్నవాళ్లకు ఆవిడ సరేనంది, చెట్లు పీకడానికి పొక్లెయిన్ మాట్లాడింది. రేపు పొద్దున్నే బండి వస్తుందని, టేపుతో ఎవరిదో జాకెట్టు కొలుస్తూ, తలెత్తకుండా చెప్పింది.

ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఇంకొక్క ఏడాది అన్నాడు.

"మాట మీదే కదండీ" అంది ఆవిడ. తర్వాత టేపు కింద పెట్టింది. "చెట్ల మీద కోపం కాదు నాకు. ఇన్నేళ్లూ కంచంలో అన్నం పెట్టుకుని చెట్ల వైపు చూస్తూ కూర్చుంటున్నారు. వాటి సంగతి దేవుడెరుగు, మీరు ఎండిపోతున్నారు."

ఆయన వెళ్లి పైపులు చుట్టడం మొదలుపెట్టాడు. చెట్లు పోతే పోయాయి, పైపులైనా పోనివ్వడు కదా.

బీడు అవతల రోడ్డు వైపున్న వరసతో మొదలుపెట్టాడు. అది ఆయనకు ప్రాణం. మొదటి మొక్క నాటింది ఆ మూలనే. రోజూ పొద్దున్న ఆయన తిరగడం మొదలయ్యేది కూడా అక్కడే కాబట్టి, తక్కిన చెట్లకంటే వాటికి సేవ ఎక్కువ. పాక్కుంటూ కిందికి దూరి, కాండం చుట్టూ ఉన్న ఎండుటాకులు తోసేసి, తీగ విప్పి, మేకు పట్టుకుని లాగాడు. మేకుతో పాటు బెరడు ఊడివచ్చింది. నానిన అట్టముక్కలా ఉంది. దాని కింద గోధుమరంగు కుళ్లు, పులిసిన వాసన. వేలితో నొక్కితే లోపలికి దిగింది. కాండం చుట్టూ తడిమాడు. చుట్టూరా అలాగే ఉంది.

రెండో చెట్టూ అంతే. మూడోదానికి ఒక వైపు కుళ్లింది, ఒక వైపు గట్టిగా ఉంది. కుళ్లిన వైపే డ్రిప్పరు ఉంది. అది చూశాక ఆయన వీపు మీద గుచ్చుకున్న ముల్లు కూడా తీసుకోకుండా వెనక్కి పాకాడు. తర్వాత వరస తప్పి, తోటకు అడ్డంగా నడిచి, వంటింటి గుమ్మం పక్క చెట్టు కిందికి దూరాడు. తాను కొట్టిన బిరడా అలాగే ఉంది. ఆ కాండం పొడిగా ఉంది, కర్రలా గట్టిగా ఉంది. మచ్చ లేదు, బంక లేదు.

పార తెచ్చాడు. ముందు అక్క చెట్టు మొదట్లో తవ్వాడు. లావుపాటి వేళ్లు బయటి వైపు సాగిపోతూ కనిపించాయి, అంతే. వాటి వెంట తవ్వుకుంటూ కొమ్మల అంచు దాకా వచ్చాడు. ఎప్పుడూ తప్పేలా కుమ్మరించే చోట, మట్టి లోపల, తెల్లటి పీచువేళ్లు వల అల్లినట్టు ఉన్నాయి. పార పెడితే తెగిపోతాయని చేత్తో తవ్వాడు. తర్వాత వెళ్లి తన చెట్టు అంచున తవ్వాడు. పొడి మట్టి, రాళ్లు. కాండం మొదట్లో తవ్వాడు. అక్కడ పిడికెడు వేళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని, నల్లబడి, తడి గోనెపట్టాలా ఉన్నాయి.

అప్పుడు మేస్త్రీ మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఏ మూల దాక్కుందో, అప్పుడు వినిపించుకోని ముక్కతో సహా వచ్చింది. చెట్టు నోరు మొదట్లో ఉండదు సార్, గొడుగు పడితే నీళ్లెక్కడ జారతాయో అక్కడుంటుంది. ఏడాదికి ఒకసారి పైపు బయటికి జరపాలి.

పొద్దుగూకే వేళ అయింది. అక్క సొట్ట తప్పేలాతో గుమ్మం దిగింది. తమ్ముడు చేతుల నిండా మట్టితో మళ్లీ వంటింటి చెట్టు దగ్గరికే వచ్చి నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది.

"ఎందుకక్కా ఇక్కడ పోస్తావు?" అన్నాడు. మామూలుగా అడుగుదామనుకున్నాడు గాని గొంతు అలవాటు కొద్దీ పెద్దదైపోయింది.

తిడుతున్నాడనుకుని ఆమె తప్పేలాను వెనక్కి తీసుకుంది. "రేపు పీకేస్తారటగా. చివరిసారి ఓ గిన్నెడు..."

"పొయ్యొద్దనడం లేదు. మొదట్లో పొయ్యకుండా ఈ అంచున ఎందుకు పోస్తావు అంటున్నాను. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్తారురా. మొదట్లో పొయ్యాలనే ఉంటుంది నాకు. నువ్వు ఎంత చక్కగా కిందికి దూరి పోస్తావో రోజూ చూస్తూనే ఉన్నాను కదా. ఈ ముళ్లలోకి నేనెక్కడ దూరను? వంగలేను కదరా. ఎక్కడ నిలబడగలిగితే అక్కడే పోశాను."

ఆమె ఏదో తెలిసి చేసి ఉంటే బాగుండేది. నీకంటే నాకే ఎక్కువ తెలుసు అని ఒక్క మాట దెప్పి ఉన్నా బాగుండేది. ఎదురు అరవడానికి ఆధారం ఉండేది. ఆమె మొహంలో అపరాధభావం తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లూ నీళ్లు సరైన చోట పొయ్యలేకపోయానే అనే బాధ. ఆయన వెనక్కి తిరిగి, వంటింటి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు వంగలేక బతికించావు. నేను వంగి వంగి చంపాను" అన్నాడు.

అక్కకు అర్థం కాలేదు. వాడి వీపు మీద చొక్కా చిరిగి నెత్తురు కనిపిస్తోంది. లోపలికి రా, మందు రాస్తాను అంది.

ఆ రాత్రి భార్యకు చెప్పడం అంత సులువు కాలేదు. ఊడిన బెరడు ముక్క తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు. మొత్తం చెప్పాడు, మేస్త్రీ సంగతితో సహా. ఆవిడ అంతా విని, ఎన్ని బతుకుతాయి అని అడిగింది.

"సగం. సగం కూడా ఉండవేమో. చుట్టూరా కుళ్లినవి ఇక బతకవు. ఒక పక్కే కుళ్లినవి, అసలు కుళ్లనివి ఉన్నాయి. వాటికి పైపు జరిపితే లేస్తాయి."

"ఇది నమ్మకమా, మొండితనమా?"

"తెలీదు. ఇన్నాళ్లూ నాకు రెండూ ఒకేలా ఉండేవి" అన్నాడు.

ఆవిడ ఆ బెరడు ముక్కను కాగితంలో పెట్టి అవతల పారేసి, చెయ్యి తుడుచుకుంది. పోయేవాటిని రేపు పీకించెయ్యమంది. మిగతావాటికి ఇంకో వేసవి. గోడౌను వాళ్లకు తాను చెప్పుకుంటానంది.

"కానీ ఈసారి మీరు మాటివ్వక్కర్లేదు. మీ మాటలు మొయ్యలేక చస్తున్నాను. చెట్లను చూసి నేనే చెప్తాను" అంది.

పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. దాన్ని నడిపే అబ్బాయికి అన్నీ పీకాలని చెప్పి పంపించారు. ఇప్పుడీ పెద్దాయన ముందు నడుస్తూ, ఒక్కో చెట్టు దగ్గరా పాకి, కాండం తడిమి, లేచి, ఇది, ఇది కాదు అంటున్నాడు. పైగా ఇంకా కాస్త పచ్చదనం ఉన్నదాన్ని పీకమని, పసుప్పచ్చగా ఉన్నదాన్ని ఉంచమంటున్నాడు. బాబాయ్, తిరగేసి చెప్తున్నట్టున్నారు అన్నాడా అబ్బాయి. చుక్కలాయన విసుక్కుని, చెప్పింది చెయ్యమన్నాడు.

రోడ్డు వైపు వరసలో ఒక్కటి కూడా మిగల్లేదు. మూలనున్న మొదటి చెట్టుకు ఇంకా కాయలున్నాయి. యంత్రం దంతాలు మొదట్లో దిగి ఎత్తితే ఆ చెట్టు ఏమాత్రం పెనుగులాడలేదు, కుండీలోంచి మొక్క తీసినంత తేలిగ్గా లేచివచ్చింది. వేళ్లు కూడా కుండీలో మొక్కకు ఉన్నంతే ఉన్నాయి. అన్నేళ్లలో అది ఆ తడి గుంట దాటి ఒక అడుగు కూడా బయటికి పోలేదు. పోవాల్సిన అవసరం ఆయన రానివ్వలేదు. ఆ వేళ్లను చూస్తూ ఆయన తనను తాను పైకే తిట్టుకున్నాడు. యంత్రం చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నానికి బండి వెళ్లిపోయింది. పీకేసిన వరసల పైపులన్నీ మిగిలాయి. కొత్తది ఒక్క అడుగు కొనకుండా, మిగిలిన చెట్లకు రెండేసి వరసలు వెయ్యడానికి సరిగ్గా చాలుతాయి. ఇంకో రోజైతే ఈ లెక్కకే ఆయన పొంగిపోయేవాడు.

పైపు చుట్ట భుజాన వేసుకుని మొదటి చెట్టు దగ్గర నిలబడ్డాడు గాని, మేకు ఎక్కడ దిగ్గొట్టాలో తేలలేదు. కాండం దగ్గర్నుంచి ఎంత దూరం? గొడుగు అంచంటే ఏ కొమ్మ అంచు? ఒకటి పొడుగ్గా ఉంది, ఒకటి పొట్టిగా ఉంది. మూడుసార్లు దిగ్గొట్టి మూడుసార్లు పీకాడు. చేతిలోని సుత్తి విసిరెయ్యబోయి ఆగాడు. వంటింటి వైపు తిరిగి అక్కను పిలిచాడు.

ఆమె తప్పేలాతోనే వచ్చింది.

"ఈ చెట్టుకి నీళ్లు పొయ్యక్కా. నీ చెట్టుకి పోసినట్టు."

"ఎక్కడ పొయ్యను?"

"నువ్వు ఎక్కడ నిలబడగలిగితే అక్కడ."

ఆమె ముళ్లు తగలకుండా చెట్టుకు అటూ ఇటూ జరిగి, ఒక చోట కుదురుగా నిలబడి, తప్పేలా వంచింది. మట్టి మీద తడి మచ్చ పడింది. ఆయన ఆ మచ్చ మధ్యలో మేకు దిగ్గొట్టాడు. పక్క చెట్టుకు వెళ్లారు. మళ్లీ ఆమె నిలబడింది, కాసిన్ని నీళ్లు పోసింది, ఆయన మేకు కొట్టాడు. తప్పేలా ఖాళీ అయితే ఆయనే వెళ్లి నింపుకొచ్చాడు, నిండుగా, అంచుదాకా. దారిలో కొన్ని నీళ్లు ఒలికాయి. ఆయన చూసి కూడా ఆగలేదు.

చెట్లు లేని ఖాళీలు వచ్చినప్పుడు ఇద్దరూ ఆగకుండా దాటి వెళ్లారు.

చివరికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్లు లాగుతున్నాయి. దీనికీ ఇప్పుడు పైపు పెడతావా అని అడిగింది. అందులో కొంచెం దిగులుంది. ఆయన చెట్టు కింద కనిపిస్తున్న బిరడా వైపు చూశాడు. ఆనాడు ఎంత కసిగా కొట్టాడో, అది అంత గట్టిగా ఉంది.

"దానికి పైపెందుకు? నువ్వున్నావుగా" అని విసుక్కున్నాడు. విసుక్కుంటూనే ఆమె చేతిలోని తప్పేలా అందుకుని, మళ్లీ నింపుకురావడానికి లోపలికి వెళ్లాడు.